వందన సమర్పణలో ఎర్రబస్సు

మా జూనియర్ కాలేజీలో ఆడపిల్లకు మైకు ముందు నిలబడే యోగం రెండే పనులకు పట్టేది. సభ మొదట్లో ప్రార్థన పాడటానికి, చివర్లో వందన సమర్పణ చెయ్యడానికి. నడుమ ఉండే ఉపన్యాసాలన్నీ మగపిల్లలవి. వాళ్ళు చేతులూపుతూ దేశాన్ని ఉద్ధరిస్తుంటే మేము పక్కన పూలదండల పళ్ళెం పట్టుకొని నిలబడేవాళ్ళం. నాకు పాట రాదు. గొంతు మాత్రం పెద్దది, కోపం అంతకన్నా పెద్దది. ఇంటర్ మొదటి సంవత్సరంలో కాలేజీ వార్షికోత్సవానికి నాకు వందన సమర్పణ దక్కింది. దక్కింది అంటున్నాను గాని, ఆ రోజు అది నాకు అవమానంగానే తోచింది. నేను అడిగింది ఉపన్యాసం.

ఎందుకు అడిగానంటే, బస్సు కోసం.

మా ఊరు ములుగు రోడ్డు మీద, గూడెప్పాడుకు కొంచెం ముందు. పదో తరగతి దాకా ఎట్లాగో నడిచి చదువుకున్నాను. ఇంటర్‌కు హన్మకొండ పోవాల్సిందే. పొద్దున ములుగు నుంచి వచ్చే ఎర్రబస్సు ఒక్కటే మాకు దిక్కు. అది కాలేజీ గంటకు ముందే చౌరస్తాలో దింపాలని డిపో వాళ్ళు బోర్డు మీద రాసుకున్నారు. బోర్డు మీద రాసుకున్నారు, అంతే. ప్రతి స్టేజీలోనూ కూరగాయల గంపలు నిచ్చెనెక్కి బస్సు మీదికి చేరాలి. ఒక్కో గంపకు ఒక్కో అవ్వ, ఒక్కో అవ్వకు ఒక్కో తగాదా. మేము చౌరస్తాలో దిగి, పుస్తకాలు అదుముకొని ఉరికేసరికి మొదటి పీరియడ్ తలుపు మూసి ఉండేది. ఆ పీరియడ్‌లో హాజరు పలకకపోతే ఆ పూటంతా రానట్టే లెక్క.

ఆ బస్సులో వచ్చే ఆడపిల్లలం నలుగురం. ఒకరోజు ప్రిన్సిపాల్ సారు నలుగురినీ గదికి పిలిచి, ఇట్లాగే సాగితే పరీక్షలకు హాల్ టికెట్ ఇవ్వడం తన చేతుల్లో ఉండదని చెప్పాడు. బస్సు లేటు సార్ అన్నాం. "బస్సు నేను నడుపుతాన్ననా అమ్మా?" అన్నాడాయన. ఆ మాటా నిజమే. నలుగురం కలిసి డిపోకు పోయాం. పెద్దసారు మీటింగులో ఉన్నాడని గేటు దగ్గరే తిప్పి పంపారు. ఇంకో రోజు పోయాం, మళ్ళీ మీటింగు. అన్ని మీటింగులు పెట్టుకొని కూడా బస్సును వేళకు నడపలేకపోతున్నారే అని నాకు ఒళ్ళు మండింది.

హాల్ టికెట్ రాకపోతే మిగతా ముగ్గురి సంగతి ఏమో గాని, నా సంగతి తేలిపోయినట్టే. కాలేజీలో చేర్పించిన రోజే బాపు చెప్పాడు. "ఒక్క ఏడు సుత ఖరాబు కావద్దు బిడ్డా. అయ్యిందంటె ఇగ పత్తిచేను నీది, నువ్వు పత్తిచేనుదానివి." ఆయన కోపంతో అన్న మాట కాదది. నా వెనక ఇంకా ముగ్గురున్నారు, చేతికింద మనిషి కావాలి. బాపు అన్న మాట తప్పే మనిషి కాదు. అదే నా భయం.

అట్లాంటి రోజుల్లో కాలేజీలో ఒక వార్త తిరిగింది. వార్షికోత్సవానికి ముఖ్య అతిథిగా డిపో పెద్దసారు వస్తున్నాడట. కాలేజీ విహారయాత్రకు బస్సు ఇప్పించినందుకు ప్రిన్సిపాల్ సారు చూపిస్తున్న మర్యాద అది. నేను ఆ గంటలోనే తెలుగు చెప్పే మేడం దగ్గరికి పోయి, ఉపన్యాసానికి నా పేరు రాయమన్నాను. "పేర్లు అయిపోయినయే. వందన సమర్పణ ఖాళీగున్నది, చేస్తవా?" అంది మేడం. వద్దనబోయి ఊరుకున్నాను. ఆ సాయంత్రం బస్సు కోసం నిలబడి పళ్ళు నూరుకుంటూ ఉండగా తట్టింది అసలు సంగతి.

ఉపన్యాసం మధ్యలో అతిథి లేచి పోవచ్చు. పక్కవాళ్ళతో ముచ్చట పెట్టుకోవచ్చు, చాయి తాగవచ్చు. వందన సమర్పణ అట్లా కాదు. అది అయ్యాకే జనగణమన. జనగణమన కాకుండా వేదిక మీద వాళ్ళు లేవరు, ముందు వరుస వాళ్ళు కదలరు. చప్పట్ల మీద ఆశ లేని మాటే గాని, దాన్ని దాటుకొని ఎవరూ గేటు చేరలేరు. డిపోలో మాకు దొరకని పెద్దసారు అక్కడ దొరుకుతాడు. తెల్లారి మేడంకు చేస్తానని చెప్పాను.

మేడం ఒక కాగితం రాసిచ్చింది. "తమ అమూల్యమైన సమయాన్ని మనకై వెచ్చించి విచ్చేసిన..." అని మొదలై, అందరినీ వరసగా మొక్కుకుంటూ పోయి, షామియానా వేసినవాళ్ళు, మైకు సెట్టు అతనితో ముగుస్తుంది. అది కంఠతా పట్టడం నాకు కష్టం కాదు. కష్టం ఏమిటంటే, కంఠతా పట్టిన మాటల మీద నాకు నమ్మకం పోయింది. పదో తరగతిలో పంద్రాగస్టుకు మాట్లాడమంటే పేజీలకు పేజీలు బట్టీ కొట్టాను. నడుమ ఒక వాక్యం జారింది. దాని వెంట మిగతావన్నీ జారిపోయాయి. నోరు తెరుచుకొని నిలబడ్డాను. ఎంతకూ నేను కదలకపోతే పాపం హెడ్మాస్టరు చాక్లెట్లు పంచమని సైగ చేశాడు. పిల్లలంతా అటు ఉరికారు. నా జీవితంలో మొదటి ఉపన్యాసం చాక్లెట్లతో ముగిసింది.

ఈసారి అట్లా కావద్దని పట్టుబట్టాను. ఇంట్లో చెప్పుకుందామంటే తమ్ముళ్ళు వెక్కిరిస్తారు. చివరికి బస్సులోనే, కిటికీ పక్క సీట్లో కూర్చొని పైకే చెప్పుకోవడం మొదలుపెట్టాను. ఆ ఇంజను మోతలో నా మాట నాకు వినబడాలంటే గొంతెత్తాలి, మాట పొట్టిగా ఉండాలి. మేడం రాసిన పొడుగు వాక్యాలు మొదటి గుంతకే విరిగిపోయేవి. ఇంకో లాభం కూడా దొరికింది. బస్సు ఎక్కడ ఆగితే నేనూ అక్కడ ఆగాలి. అందుకని ఒక్కో స్టేజీకి ఒక్కో సంగతి కట్టుకున్నాను. గూడెప్పాడు వచ్చిందంటే అతిథికి దండం. ఆత్మకూరు దగ్గర బస్సు ఆలస్యం. ఊరుగొండలో మూసిన తలుపు. ఆరెపల్లిలో హాల్ టికెట్. హన్మకొండ పొలిమేర వచ్చేసరికి మేము అడగదలిచింది. వాక్యాలు మరిచిపోతే పోనీ, దారి మరిచిపోను గదా అనుకున్నాను.

నా పక్కన రోజూ ఆత్మకూరులో ఎక్కే ఒక ముసలవ్వ కూర్చునేది. తోటకూర, పాలకూర గంప ఆమెది. నేను గొణుక్కోవడం చూసి మొదట నాకేదో గాలి సోకిందనుకుందట. రెండు మూడు రోజులు చెవి ఒగ్గి విన్నది. ఒకనాడు ఆరెపల్లి దాటాక నా చెయ్యి పట్టుకొని ఆపింది.

"ఏం బిడ్డా, గంపలు ఎక్కించుకోవద్దని చెప్తాన్నవా ఆ పెద్దసారుకు?"

నిజమే, నా ఉపన్యాసంలో ఆ ముక్క ఉంది. గంపల కోసం, చెయ్యెత్తిన ప్రతివాళ్ళ కోసం బస్సు ఆగవద్దని గట్టిగా రాసుకున్నాను.

"మా గంపలు దించి నిన్ను ఎక్కించుకుంటరా? సీటు లేన్నాడు నీ పుస్తకాలు ఎవలు పట్టుకున్నరు? నా ఒళ్ళె గాదా?" అంది. ముందు సీట్ల నుంచి ఇంకో ఇద్దరు అవ్వలు కూడా వెనక్కి తిరిగారు. "లేటైతె నీకొక్కదానికేనా నష్టం? పొద్దెక్కినంక పోతె మా కూర ఎవలు కొంటరే? వాడిపోయిన కూరను గొడ్లు సుత మూతివెట్టవు."

ఆ బస్సు ఆలస్యం వల్ల చెడిపోతున్నది నేనొక్కదాన్నే అనుకున్నాను అప్పటిదాకా. ఆ అవ్వ గంప కూడా నాలాగే వేళ దాటి పోతున్నదని నాకు తోచనే లేదు. బస్సు ఎవరి కోసమూ ఆగకపోవడం కాదు కావలసింది, అది ములుగులోనే ముందు కదలాలి. అంతే. ఆత్మకూరు ముక్క మొత్తం తీసేసి కొత్తది కట్టుకున్నాను. తెల్లారి అవ్వకు వినిపించాను. "గిప్పుడు మంచిగున్నది. జర మెల్లగ జెప్పు, బస్సు ఉరికినట్టు ఉరుకుతాన్నవ్" అంది.

డ్రైవరు సంగతి ఇంకో తీరు. ఆయన్ని మేమంతా చాచా అనేవాళ్ళం. ములుగులో రాత్రి బస్సుతోనే ఉండి పొద్దున తీసుకొచ్చేవాడు. నా ప్రయత్నం ఆయన చెవినా పడింది. చౌరస్తాలో దిగుతుంటే పిలిచాడు. "బేటీ, నా ముచ్చట తియ్యకు. డిపోల చెప్పిన టైముకే నేను బండి తీస్త. నువ్వు లేటు అంటె సార్లు ముందుగాల నా మెడకే చుడ్తరు." ఆయన ముఖంలో నిజంగానే భయం కనిపించింది. మీకేం కానియ్యను చాచా, ఫికర్ చెయ్యకు అని మాటిచ్చాను. ఏ ధైర్యంతో ఇచ్చానో నాకే తెలియదు. ఇప్పుడు నా ఉపన్యాసం గంపలకు తగలొద్దు, డ్రైవరుకు తగలొద్దు, ప్రిన్సిపాల్‌కు కోపం రావొద్దు, అతిథికి అవమానం కావొద్దు. బస్సు మాత్రం ముందు రావాలి.

సభకు ముందురోజు ఇంట్లో చెప్పాను. బాపు కండువా తీసి దులిపాడు. "పెద్దమనుషుల నడుమ గివన్నీ అడుగుతె మంచిగుంటదా?" అన్నాడు. పొయ్యి దగ్గరి నుంచి మా అమ్మ అందుకుంది. "అడగంది అమ్మ సుత పెట్టది. దాని నోరు అది అడుగుతది, నీకేమాయె?" బాపు కండువా భుజాన వేసుకుంటూ, "అడుగుతె అడుగు. చీకటైతది, నేనొచ్చి గేటు కాడ నిలవడ్త" అన్నాడు.

సభ నాలుగింటికి అన్నారు. ముఖ్య అతిథి జాడ లేదు. ప్రార్థన పాడాల్సిన అమ్మాయి గొంతు సవరించుకొని సవరించుకొని అలిసిపోయింది. పూలదండలు వాడిపోతే నీళ్ళు చల్లాం. షామియానా కింద పిల్లలు ఈలలు వేస్తుంటే లెక్చరర్లు కర్ర పట్టుకొని తిరిగారు. పొద్దు వాలుతుండగా జీపు వచ్చింది. ప్రిన్సిపాల్ సారు గేటు దాకా ఎదురు పోయి, నవ్వు ముఖంతో వెంటబెట్టుకొచ్చాడు. ఆ తర్వాత మగపిల్లలు దేశాన్ని ఉద్ధరించారు. చివరికి అతిథి లేచి మాట్లాడాడు. దేని మీద? కాలం విలువ మీద! విద్యార్థికి సమయపాలన ప్రాణంతో సమానమని, గడిచిన నిమిషం మళ్ళీ రాదని చాలాసేపు చెప్పాడు. నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నేను కట్టుకున్నదంతా ఒక పక్కన పెట్టి, కొత్త మాట ఒకటి నాలుక మీదికి వచ్చి కూర్చుంది. అనాలా వద్దా అని తేల్చుకునేలోపే నన్ను పిలిచారు.

మైకు నా ముఖం కన్నా ఎత్తులో ఉంది. కిందికి దించుకున్నాను, అది కుయ్యిమంది. మేడం వాక్యం ఒకటి మర్యాదకు చెప్పాను. తర్వాత నా మాటల్లోకి దిగాను.

"సారు నాలుగింటికి రావాలె. పెద్ద పనులుంటయి, ఆలస్యమైంది. అయినా మేమెవరం గేటు మూయలేదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళను నవ్వుకుంట లోపలికి పిలుచుకునుడు మా కాలేజీ మర్యాద. అందుకు ప్రిన్సిపాల్ సారుకు వందనాలు. ఆ మర్యాద పొద్దుటి పూట మాకు దొరుకుత లేదు. ములుగు బస్సుల వచ్చే మాకు రోజూ తలుపు మూసే ఉంటది."

వెనక వరుసల్లో నవ్వు పుట్టి ముందుకు పాకింది. వేదిక మీద ప్రిన్సిపాల్ సారు నవ్వు మాత్రం ముఖం మీదే ఉండిపోయింది, కక్కలేక మింగలేక. ఆయన్ని చూశాను. చూడకుండా ఉండాల్సింది. తర్వాతి మాట పోయింది. పంద్రాగస్టు నాటి చాక్లెట్లు కళ్ళ ముందు మెదిలాయి. ఎక్కడున్నాను? తలుపు అయిపోయింది, అంటే ఊరుగొండ దాటాను. తర్వాత ఆరెపల్లి. ఆరెపల్లిలో ఏముంది? హాల్ టికెట్. ఊపిరి పీల్చుకొని ముందుకు కదిలాను.

"తలుపు మూస్తె హాజరు పోతది. హాజరు పోతె హాల్ టికెట్ రాదు. హాల్ టికెట్ రాకుంటె మా ఇండ్లల్ల ఇంకో ఏడు పంపరు. మాతోని మా ఊర్ల చదువే ఆగుతది. ఇందుల డ్రైవరు తప్పు లేదు. చెప్పిన వేళకే బండి తీస్తడు, చెయ్యెత్తినోళ్ళను ఎవరినీ వదిలిపెట్టడు. ఆయనకు వందనాలు. గంపల అవ్వల తప్పు లేదు. సీటు లేకుంటె మా పుస్తకాలు ఒళ్ళె పెట్టుకుంటరు. వాళ్ళకు వందనాలు. సారు ఇప్పుడే చెప్పిండ్రు, కాలం చాలా విలువైనదని. ఆ విలువైన కాలంల మేమడిగేది అరగంట. బస్సు ములుగుల అరగంట ముందు బయలుదేరితే కూర మార్కెట్టుకు అందుతది, మేము క్లాసుకు అందుతం. ఆ అరగంట ఇస్తె, వచ్చే ఏడు వందన సమర్పణల అందరికన్న ముందు సారు పేరే చెప్తం."

దండం పెట్టాను. ఆ తర్వాత చప్పట్లు వెనక నుంచి మొదలయ్యాయి. మైకు సెట్టు అతనికి వందనం చెప్పడం మరిచిపోయానని అప్పుడు గుర్తొచ్చింది. పాపం అతను పట్టించుకోలేదు, జనగణమనకు మైకు మంచిగానే పెట్టాడు.

జనగణమన అయ్యాక అతిథి నన్ను దగ్గరికి పిలిచాడు. కోప్పడతాడనుకున్నాను. "డ్రైవరు ఎవరమ్మా?" అన్నాడు. "డ్రైవరుతో పని లేదు సార్, టైముతోనే పని" అన్నాను. ఎంత పొగరు అనుకున్నాడో ఏమో, నవ్వి, చూస్తానని జీపెక్కాడు. మేడం నా వీపు మీద ఒక్కటి వేసి, "నేను రాసిచ్చింది ఇదేనా?" అంది. ఆ చెయ్యి మాత్రం అక్కడే కాసేపు ఉంది.

బాపు గేటు దగ్గర కండువా తలకు చుట్టుకొని నిలబడి ఉన్నాడు. బస్సెక్కి సగం దూరం పోయాం. తర్వాత మెల్లగా అన్నాడు. "గేటు దాక ఇనవడ్డది." ఇంకొంచెం దూరం పోయాక, "ఇండ్లల్ల పంపరు అని మైకుల ఎందుకన్నవే? అందరు నన్నే అనుకోరా?"

"పంపుతవా మరి?"

బాపు కిటికీ బయటికి చూశాడు. "బస్సు మారకుంటె ఏం జేస్తవ్?" అన్నాడు.

"మళ్ళ అడుగుత."

"ఎవర్ని?"

"ఎవలొస్తె వాళ్ళను."

బాపు మీసాల కింద నవ్వుకున్నాడు. పత్తిచేను మాట ఆ తర్వాత ఆయన నోట రాలేదు.

తెల్లారి నుంచే మొదటి పీరియడ్ తలుపు మా కోసం కొంచెంసేపు తెరిచి ఉండసాగింది. అంతమంది ముందు మర్యాదస్తుణ్ణి చేశాక ప్రిన్సిపాల్ సారుకు మరి తప్పలేదు. పాత గైర్హాజరు సంగతి కూడా ఆయనే పైవాళ్ళతో మాట్లాడి సర్దించాడు. పరీక్షల ముందు నలుగురికీ హాల్ టికెట్లు వచ్చాయి. ఇదంతా మంచిదే. నాకు ఇప్పటికీ మరుపు రానిది మాత్రం డిపో పెద్దసారు మా మాట మన్నించి బస్సు వేళ మార్చిన మొదటి పొద్దు.

"రేపటి సంది అరగంట ముందు, యాది పెట్టుకో బేటీ" అని చాచా ముందురోజే చెప్పాడు. నేను ఊరంతా చాటాను. అయితే మా ఇంట్లో గడియారం లేదు. హన్మకొండ నుంచి ములుగుకు పోయే మొదటి బస్సు మా ఊరు దాటితే అమ్మ ఎసరు పెట్టేది. అన్నం ఉడికి, సద్దిగిన్నె కట్టి, నేను జడ వేసుకునేసరికి ములుగు నుంచి మా బస్సు వచ్చేది. నేను కాలేజీలో చేరిన నాటి నుంచి మాకు అదే గడియారం. మా బస్సు వేళ మారింది గాని, ములుగుకు పోయే ఆ బస్సు వేళ మారలేదు. ఆ పొద్దు కూడా అమ్మ దాని మోత వినే ఎసరు పెట్టింది. అన్నం ఇంకా కుతకుతమంటూనే ఉంది, రోడ్డు మీద హారన్ మోగింది.

ఒక జడ అల్లి, ఒక జడ విరబోసుకొని, చెప్పులు చేత పట్టుకొని ఉరికాను. పోయింది, అయిపోయింది అనుకున్నాను. వీధి మలుపు తిరిగి చూస్తే బస్సు అక్కడే ఉంది. చాచా హారన్ మీద చెయ్యి తియ్యకుండా కొడుతూనే ఉన్నాడు. కిటికీల్లోంచి అందరూ తలలు బయట పెట్టి నన్నే చూస్తున్నారు. బస్సంతా నవ్వుతున్నది.

"ముందు తెమ్మని మైకుల మొత్తుకున్నది నువ్వేనా బేటీ?" అన్నాడు చాచా.

సిగ్గుతో చచ్చిపోతూ ఎక్కి కూర్చున్నాను. ఎవరి కోసమూ ఆగవద్దని మొదట కట్టుకున్న ఉపన్యాసమే చేసి ఉంటే, అది విని డిపో పెద్దసారు సరేనని ఉంటే, ఆ పొద్దు మొట్టమొదట రోడ్డు మీద మిగిలేది నేనే. ఆత్మకూరులో తోటకూర అవ్వ ఎక్కింది. నా విరబోసిన జుట్టు చూసి విషయం అడిగి తెలుసుకుని, పుస్తకాలు తన ఒళ్ళోకి లాక్కుంది.

"తిరుగు అటు" అని నా రెండో జడ అల్లడం మొదలుపెట్టింది. ఊరుగొండ వచ్చేసరికి జడ అయిపోయింది. కాలేజీ గంట కొట్టేసరికి నేను క్లాసులో కూర్చొని ఉన్నాను.